నాలుగో తలుపు

9 మే 2007

నువ్వు దొంగవి.

ఈ డైరీ రాసేదీ నేనే, చదివేదీ నేనే. అయినా నిన్నే అంటున్నాను. నెలాఖరుకి 'నిలదీత'కి పేజీలు నిండకపోతే ఇక్కడికి వస్తావు. నేను నాకోసం రాసుకున్న నాలుగు ముక్కలు ఎత్తుకుపోతావు. వాటికి కాస్త కోపం కలిపి, కింద సుబ్బరామ్ అని పేరు వేసుకుని అచ్చు వేస్తావు. పద్దెనిమిదేళ్ళుగా పత్రిక నడిపింది ఇలాగే. ఈసారి నీకు ఏరుకోవడానికి ఏమీ దొరకకుండా రాస్తాను.

వచ్చే సంచికకి 'తెర మీద దోపిడీ' అని పేరు పెట్టాను. కంప్యూటర్ ఆటల మీద. వాదన సిద్ధంగానే ఉంది. ఎవరి దేశంలోనో, ఎవరో చెమటోడ్చి కట్టిన కోటలో, ఇంకెవడో దూరి అక్కడున్నవన్నీ మూటగట్టుకుపోతే దానికి సాహసం అని పేరు. మన పిల్లలు సెలవుల్లో పొద్దస్తమానం అదే ఆడుతున్నారు. ఇంతే. ఇందులో ఆడి చూడాల్సింది ఏముంది?

సుభద్ర ఒప్పుకోలేదు. "పులుసు నోట్లో వేసుకోకుండానే ఉప్పెక్కువైందని రాసేస్తారా?" అంది.

పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంట్లో ప్రతిపక్షం ఆవిడే. సరే. ఒక్కరోజు ఆడి చూస్తాను.

10 మే

రాజమండ్రిలో అయితే మా కాలేజీ పిల్లలు చూస్తారు. హిస్టరీ లెక్చరర్ కోతి గెంతులు ఆడుతున్నాడని జూన్ దాకా చెప్పుకుంటారు. అందుకని బస్సెక్కి ధవళేశ్వరం వెళ్ళాను. మెయిన్ రోడ్డు పక్క సందులో 'తలుపులమ్మ నెట్ సెంటర్' అని బోర్డు కనిపించింది. నాలుగు కంప్యూటర్లు, ఒక టేబుల్ ఫ్యాను. నడిపే అమ్మాయి పేరు అశ్విని, పాతికేళ్ళుంటాయి.

"నెట్టా, ప్రింటా సార్?"

"ఆట."

"మీ అబ్బాయి ఏడండీ?"

"నాకేనమ్మా."

నవ్వలేదు. అది నచ్చింది. "తుపాకీదా, కార్లదా, కోటదా?" అని అడిగింది.

"కోటది."

"పాతదా, కొత్తదా? పదకొండేళ్ళ కిందట వచ్చిందాన్నే మళ్ళీ కొత్తగా తీశారు సార్, మొన్ననే సీడీ వచ్చింది. బొమ్మలు చాలా బాగుంటాయి. కాకపోతే మా నాన్న దాన్ని ఒప్పుకోరు."

మూల కంప్యూటర్ దగ్గర అరవై దాటిన మనిషి కూర్చున్నాడు. బట్టతల, పంచె, భుజమ్మీద తువ్వాలు. ఆడుతున్నది పాతది. తెర మీద పడవ ఒకటి కదలకుండా ఉంది. ఆయనా కదలడం లేదు.

ఆట పేరు తెలుగులో చెప్పుకుంటే 'మునిగిన కోట'. ఏడు నీటి తలుపులు దాటి కోట నడిబొడ్డుకి చేరాలి. హీరో అనదగ్గ లక్షణం ఏదీ లేని ఒక బట్టతల పడవవాడు, చేతిలో గెడ. గంటసేపు పాతది ఆడాను. రెండు తలుపులు దాటాను. పదమూడుసార్లు చచ్చాను. వింత ఏమిటంటే ఆ కోటలో ఎత్తుకుపోవడానికి ఏమీ లేదు. బంగారం లేదు, విగ్రహాల్లేవు. తలుపులు తీసుకుంటూ లోపలికి వెళ్ళడమే. మరి నా వాదన?

వచ్చేటప్పుడు రిజిస్టర్లో పేరు రాయమంది. సుబ్బరామ్, 'నిలదీత' పత్రిక అని రాశాను. అశ్విని చదివి తల ఎత్తింది.

"లాకు గురించి రాసింది మీరేనాండీ?"

"ఏ లాకు?"

"మా నాన్న లస్కరుగా పనిచేసిన లాకు. కాలువలో పడవలు ఎక్కించి దించే చోట తలుపులు తీసి మూసే ఉద్యోగం. పడవ బోల్తా పడింది. తాగి తలుపు తెరిచాడని మీరు అచ్చేశారు."

మూల కంప్యూటర్ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. ఎప్పుడు లేచి వెళ్ళాడో చూడలేదు.

"అది కాలువల ఆఫీసు నిర్లక్ష్యం మీద రాసిన వ్యాసం అమ్మా," అన్నాను.

"ఆయ్," అంది, రిజిస్టరు మూసేసి.

11 మే

తొంభై రెండులో సంగతి. పదిహేనేళ్ళయింది. ఆ లస్కరు గురించి ఒక్క వాక్యం ఉంటుందేమో. అంతకంటే ఉండదు.

12 మే

కొత్తది ఆడాను. ముందు ఒక సంగతి రాయాలి: పడవవాడికి జుట్టు మొలిచింది. భుజాల దాకా. కండలు కూడా వచ్చాయి. పదకొండేళ్ళలో ఆ మనిషి పదేళ్ళు చిన్నవాడయ్యాడు.

నీళ్ళు మాత్రం నిజం నీళ్ళలాగే ఉన్నాయి. వెలుగు పడితే తళుక్కుమంటున్నాయి. నాలుగో తలుపు దగ్గర ఒక మీట నొక్కితే చాలు, తలుపు భళ్ళున తెరుచుకుని నీళ్ళు గోడలా మీద పడతాయి. పడవవాడు ఎగిరి పైనున్న దూలం పట్టుకుంటాడు. వెనక డప్పులు. గుండె ఝల్లుమంది. ఒప్పుకోక తప్పదు.

కానీ అసలు సరుకు మొదట్లోనే దొరికింది. పాత ఆటలో కోట ఎందుకు మునిగిందో ఎవరూ చెప్పరు. కొత్తదాంట్లో మొదట ఒక చిన్న సినిమా పెట్టారు. కల్లు కుండ పట్టుకుని తూలుతున్న కాపలావాడు ఒకడు తెరవకూడని తలుపు తెరుస్తాడు, కోట మునిగిపోతుంది. చాలు! అక్కడే కూర్చుని రాసుకున్నాను: "నాసిరకం గోడ కట్టించిన రాజు తప్పించుకున్నాడు. జీతగాడు దొరికాడు. వాడి చేతిలో ఒక కుండ పెడితే సరిపోయింది. ఇక ఎవరూ గోడ గురించి అడగరు. కొత్తగా చెప్పడమంటే పాలకులకు ఇదే అర్థం."

అశ్విని భుజం మీదుగా చదివింది. "బాగా రాశారండీ," అంది. ఎందుకో ఆ మాట మెచ్చుకోలులా లేదు. వ్యాసానికి ఎత్తుగడ మాత్రం కుదిరింది.

15 మే

పాత ఆటలో నాలుగో తలుపు తెరుచుకోవడం లేదు.

పడవ ఒక పెద్ద తొట్టిలాంటి గదిలో ఉంది. ఎదురుగా రెండు రెక్కల తలుపు. దాని అవతల నీళ్ళు నిలువెత్తు పైన, ఇవతల కింద. పడవవాడు వీపు ఆనించి తోస్తాడు, ఆయాసపడతాడు, తలుపు కదలదు. రెండు గంటలు తోయించాను. పాపం వాడు. కొత్తదాంట్లో ఒక్క నొక్కుతో తెరుచుకున్న తలుపే ఇది. ఇందులో ఏదో పాడైందని అశ్వినితో దెబ్బలాడాను. ఇంతలో కరెంటు పోయింది.

ఫ్యాను ఆగిపోయింది. అప్పుడు మూల నుంచి, నావైపు తిరక్కుండానే, వీరబ్రహ్మం గొంతు వచ్చింది. అశ్విని తండ్రి పేరు అది.

"అమ్మా, ఆయనకి చెప్పు. నీళ్ళు సమం కాకుండా తలుపు రాదు."

మా మధ్య మూడడుగుల దూరం.

"ఎలా సమం చెయ్యాలో అడుగమ్మా," అన్నాను నేనూ.

"కరెంటు వచ్చాక చెప్తానని చెప్పు."

"ఇద్దరూ నాకు జీతం ఇవ్వండి," అంది అశ్విని.

కరెంటు సాయంత్రం దాకా రాలేదు.

16 మే

పాఠం ఇలా జరిగింది.

"తలుపు అడుగున చిన్న తలుపులుంటాయి, వాటిని ఎత్తమను."

"ఎత్తాను అని చెప్పు."

"ఒకేసారి ఎత్తొద్దను. పడవ అల్లాడిపోద్ది."

"ఇప్పుడు ఏం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దను. చేతులు కట్టుకుని ఉండమను. ఆయనకి అదే కష్టం."

అశ్విని ఆ చివరి మాట కూడా పొల్లుపోకుండా చేరవేసింది.

నాలుగు నిమిషాలు. గదిలో నీళ్ళు నిండుతున్నాయి, పడవ నెమ్మదిగా పైకి వస్తోంది. ఎవరూ చావడం లేదు, డప్పుల్లేవు. అయినా తెర మీంచి కళ్ళు తిప్పలేకపోయాను. నీళ్ళు సమం అయ్యాక పడవవాడు తలుపుకున్న పొడవాటి దూలానికి నడుము ఆనించాడు. తలుపు దానంతటదే సడలినట్టు కదిలింది. యాభై మూడేళ్ళ వయసులో నేను కుర్చీలోంచి లేచి "వచ్చింది!" అని అరిచాను. పక్క కంప్యూటర్లో రిజల్ట్స్ చూసుకుంటున్న అమ్మాయి తనకే మార్కులు వచ్చాయనుకుని ఉలిక్కిపడింది.

ఆ ఊపులో అడిగేశాను. "సమం కాకముందే తెరిస్తే ఏమవుతుందని అడుగమ్మా."

వీరబ్రహ్మం మొదటిసారి నావైపు తిరిగాడు.

"తెరుచుకోదు రాజుగారూ. ఆట కాబట్టి కాదు. నిజంగానూ అంతే. పదిమంది తోసినా రాదు. నీళ్ళే దాన్ని నొక్కి మూసి పెడతాయి. అదే ఆ తలుపు కట్టడంలో ఉన్న గొప్ప."

తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పేరు చివర రాజు అన్న కులం తోకని నేను కాలేజీ రోజుల్లోనే వదిలేశాను. ఈ మాట ఆయనకి చెప్పి ఉండాల్సింది.

17 మే

రాయబుద్ధి కాలేదు.

18 మే

ఎండ. నలభై నాలుగు డిగ్రీలట.

19 మే

అటక మీంచి పాత సంచికల కట్ట దించాను. సుభద్ర స్టూలు పట్టుకుంది. ఏం కావాలని అడగలేదు.

నవంబరు 1992. 'నీటిపాలైన ప్రాణం'. ఒక్క వాక్యం అనుకున్నాను కదా. మూడు పేరాలు. "తాగిన మత్తులో ఉన్న లస్కరు, నీళ్ళు సమం కాకముందే పైతలుపు తెరిచాడు. ఎగువ నీళ్ళు విరుచుకుపడి పడవ గోడకి కొట్టుకుంది. ఒక వృద్ధురాలు చనిపోయింది." ఆ తరువాత పేరా నిండా ప్రభుత్వోద్యోగుల తాగుడు మీద నా ఆగ్రహం. వాక్యాలు బాగున్నాయి. అది ఇంకా అసహ్యంగా ఉంది.

లస్కరు పేరు ఎక్కడా రాయలేదు. ఆ లాకుకి ఉన్నది ఒక్క లస్కరే. నిందకి పేరు అక్కర్లేకపోయింది.

నాకు ఎవరు చెప్పారు? గుర్తు చేసుకుంటే అన్నీ వస్తున్నాయి. వాన. స్కూటరు మీద ఆఫీసుకి వెళ్ళాను. తెల్ల చొక్కా అధికారి ఒకాయన కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. మర్యాదస్తుడు. నా పత్రిక చదువుతానన్నాడు. జరిగింది చెప్పాడు, రాసుకున్నాను. లాకు అక్కడికి ఆరేడు కిలోమీటర్లు. వాన కదా, వెళ్ళలేదు.

పదిహేనేళ్ళుగా ఆఫీసు మీద రాశానని చెప్పుకుంటున్నాను. ఆఫీసు చెప్పిందే రాశాను.

20 మే

వీరబ్రహ్మం చెప్పిందే నిజమని మాత్రం ఎలా? తన తప్పు ఎవడు ఒప్పుకుంటాడు? ఆ లాకు తలుపు వేరే రకం అయ్యుండొచ్చు. ఆటలో తలుపు చూసి చరిత్ర నిర్ణయిస్తామా? ఇది కూడా ఆలోచించాలి.

21 మే

ఇది కూడా ఆలోచించాలి అని రాసినవాణ్ణి చూస్తే నాకు వాదించబుద్ధి అవుతోంది.

24 మే

లాకు చూసి వచ్చాను. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి నీళ్ళు లేవు. మెట్లు దిగి అడుగున నిలబడి పైకి చూశాను. ఇన్నేళ్ళు గోదావరి జిల్లాలో పుట్టి పెరిగి, ఆ నీళ్ళ మీద పండిన అన్నం తిని, లాకు తలుపు ఎలా ఉంటుందో ఇవాళే చూశాను.

రెండు రెక్కలు తిన్నగా మూసుకోవు. ఎగువవైపుకి ముక్కులా పొడుచుకుని కలుస్తాయి. రెండు అరచేతులు వేళ్ళ దగ్గర ఆనించి ముందుకి పెడితే ఎలా ఉంటుందో అలా. ఎగువ నుంచి నీళ్ళు తోసేకొద్దీ ఒకదానికొకటి ఇంకా బిగుసుకుంటాయి. నీళ్ళే తాళం. తాగినవాడు కాదు, ఏనుగు వచ్చినా తెరవలేదు.

తలుపు అడుగున చిన్న తలుపులున్నాయి, ఆటలో ఉన్నట్టే. వాటిని పైనుంచి ఎత్తడానికి ఇనుప కడ్డీలు. మూడు కడ్డీలు పాతవి, తుప్పు తిన్నవి. ఒక్కటి మాత్రం వేరే రకం, తరువాత వేసినది. దాని కింద పలక కూడా కొత్తది.

ఆ ఒక్కటి ఎందుకు మార్చారు? అక్కడ అడగడానికి మనుషులెవరూ లేరు. మేకలున్నాయి.

26 మే

ఇది పూర్తిగా రాయాలి.

ఆ కడ్డీ సంగతి అడుగుదామని నెట్ సెంటరుకి వెళ్ళాను. వీరబ్రహ్మం నాలుగో తలుపు దగ్గరే ఉన్నాడు. రోజూ అక్కడికే వస్తాడు, పడవని పైకి చేరుస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు. ఐదో తలుపు చూడరా అని నేరుగానే అడిగాను. "అది నా డ్యూటీ కాదండి," అన్నాడు. నాతో నేరుగా అన్న రెండో మాట.

ఒంటిగంటకి ఒకావిడ అన్నం క్యారేజీతో వచ్చింది. ఆయన భార్య. పేరు తలుపులమ్మ. సెంటరుకి మీ పేరే పెట్టారా అంటే, "లోవ గుళ్ళో అమ్మవారి పేరండి. ఆవిడ కొండ మీద, నేను వంటింట్లో," అని నవ్వింది.

అశ్విని నన్ను పరిచయం చెయ్యలేదు. నేనే చెప్పుకున్నాను, పత్రిక పేరుతో సహా. తిడితే పడదామని సిద్ధపడ్డాను.

ఆవిడ క్యారేజీ కింద పెట్టి రెండు చేతులూ జోడించింది.

"మీరేనాండీ! ఎప్పటికైనా మీకు దణ్ణం పెట్టుకోవాలనుకున్నానండి. మీరు రాయబట్టి ఈయన బాగుపడ్డాడు."

"ఏంటమ్మా?"

"తాగుడండి. తాగుతాడని నాకు తెలీనే తెలీదు. ఏ రోజూ వాసనన్నా లేకుండా ఇంటికొచ్చేవాడు. ఎంత నేర్పరో చూడండి! మీరు రాశాక బయటపడింది. నాకు చదువు రాదు, మా ఆడపడుచు చదివి చెప్పింది. అడిగితే లేదన్నాడు. లేకపోతే అచ్చులో ఎందుకు పడుద్దండీ? రెండు నెలలు నేను మాట్లాడలేదు. ఆఖరికి లోవ తీసుకెళ్ళి అమ్మవారి ముందు ఒట్టేయించాను, చుక్క ముట్టనని. మాట మీదున్నాడండి. పదిహేనేళ్ళు. అమ్మవారి దయ, మీ దయ."

లేచి నా కుర్చీ ఆవిడకి జరిపాను.

వీరబ్రహ్మం తెర వైపే చూస్తున్నాడు. గదిలో నీళ్ళు సమం అయిపోయి చాలాసేపయింది. తలుపు తియ్యలేదు.

"తినండి, చల్లారిపోద్ది," అంది ఆవిడ ఆయనతో. గొంతులో ఎంత గర్వమో. తను బాగుచేసుకున్న మనిషి.

అశ్విని నాతో బస్సు ఆగే చోటు దాకా వచ్చింది. "చిన్నప్పుడు అడిగానండి. తాగనప్పుడు తాగనని ఎందుకు ఒట్టేశావు నాన్నా అని."

"ఏమన్నారు?"

"మీ అమ్మ మాట్లాడుద్దని, అన్నాడు."

27 మే

రోజంతా తలుపులమ్మగారు పెట్టిన దణ్ణం.

29 మే

వీరబ్రహ్మంగారు చెప్పారు. మధ్యలో అశ్విని లేకుండా, ఎదురెదురుగా కూర్చుని. ముందు నేను ఆఫీసు, కాఫీ, వాన సంగతి చెప్పుకున్నాను. చిన్న తలుపు కడ్డీ తుప్పు పట్టి సన్నబడిందని మూడుసార్లు పైవాళ్ళకి చెప్పారట. ఈ సీజను గడవనీ అన్నారట. ఆ రోజు పడవ గదిలోకి వచ్చింది. చిన్న తలుపు జానెడు ఎత్తేసరికి కడ్డీ విరిగింది. పాత పలక కూడా ఊడిపోయి, ఆ కంతలోంచి నీళ్ళు ఒక్కసారి పొడుచుకొచ్చాయి. పడవ గోడకి కొట్టుకుని తిరగబడింది. ఐదుగురున్నారు. ఆయన దూకి నలుగుర్ని తీశారు.

"ఐదో ఆవిడ పడవ కింద ఉండిపోయిందండి. లంకల నుంచి పెసలు పట్టుకెళ్ళే రూతమ్మ."

పైతలుపు ఆ రోజు అసలు తెరవనేలేదు. నెల తిరక్కుండా కడ్డీ మార్చారు. ఏడాదిన్నర ఆయన్ని సస్పెన్షన్‌లో పెట్టారు. ఆ తరువాత వేరే లాకుకి వేశారు. ఆయన వెళ్ళకముందే పేరు వెళ్ళింది: తాగుబోతు లస్కరు.

నేను ఆవేశపడ్డాను. పెద్ద వ్యాసం రాస్తానన్నాను. శ్రమజీవి, అధికార యంత్రాంగం, కుట్ర. ముఖచిత్రం. ప్రత్యేక సంచిక.

ఆయన బట్టతల తడుముకున్నారు. "కొత్తగా తీస్తారన్నమాట. నాకూ జుట్టు మొలిపిస్తారా?"

అశ్విని పగలబడి నవ్వింది. నేను కూడా నవ్వాననుకుంటాను.

"వద్దులెండి రాజుగారూ. ఇప్పుడు రాస్తే మా ఆవిడకి ఏం మిగులుద్ది? నన్ను బాగుచేశానని ఊరందరికీ చెప్పుకుంటది. పోనీండి."

2 జూన్

ఆయన వద్దన్నా మూడుసార్లు రాసి చూశాను. మూడూ "ఈ వ్యవస్థలో" అని మొదలయ్యాయి. సుభద్ర చదివింది.

"ఇందులో మీరెక్కడున్నారు?"

"నేను రాసేవాణ్ణి కదా."

"అదే అడుగుతున్నాను."

3 జూన్

'తెర మీద దోపిడీ' ఆపేశాను. జూన్ సంచిక లేదు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ఎవరూ ఉత్తరం రాయలేదు.

8 జూన్

ఆయన వద్దన్నారు కాబట్టి నేను ఊరుకోవడం ఆయన మీద గౌరవమే కదా?

9 జూన్

కాదు.

11 జూన్

కాలువలకి నీళ్ళు వదిలారు. బస్సులో అందరూ ఒకవైపు కిటికీల్లోంచే చూశారు.

14 జూన్

కొత్త ఆట మొదట్లో వచ్చే చిన్న సినిమాని వీరబ్రహ్మంగారు ఇంతవరకూ చూడలేదట. మొదటిరోజు అశ్విని నాలుగో తలుపు దాకా ఆడి పిలిస్తే వచ్చి కూర్చుని, ఈ నీళ్ళకి బరువు లేదని లేచి వెళ్ళిపోయారట. ఇవాళ ఆయన్ని చూడమని అడిగింది నేనే. అశ్విని నావైపు కోపంగా చూసింది. అయినా పెట్టింది.

కల్లు కుండ, తూలడం, తెరవకూడని తలుపు. కోట మునిగిపోయింది. ఒక నిమిషం కూడా పట్టదు.

"మళ్ళీ పెట్టమ్మా," అన్నారు.

మళ్ళీ పెట్టింది. మూడోసారి కూడా.

"ఈ కాపలావాడికి పెళ్ళాం లేదా?" అని అడిగారు.

"అది చూపించలేదు నాన్నా."

"ఉంటది. ఎక్కడో ఉంటది. ఇది చూసే ఉంటది." ఆయన వేళ్ళు టేబుల్ అంచు మీద ఉన్నాయి, అదేదో దూలమైనట్టు. "బాగుచేసుకున్నానని మా ఆవిడ సంతోషపడుద్ది నిజమే. కానీ అమ్మా, పాడైపోయినవాణ్ణే కదా బాగుచేసుకున్నాననుకుంటది. రోజూ కంచం పెట్టేటప్పుడు అదే అనుకుంటది. నేను పోయాక కూడా అదే చెప్పుద్ది."

ఆయన నావైపు తిరిగారు.

"ఆదివారం రండి. కాగితం తెచ్చుకోండి. నేను చెప్తాను, మీరు రాసుకోండి. మీరు కలపొద్దు."

17 జూన్, ఆదివారం

ఇన్నేళ్ళలో ఎన్ని డిమాండ్ల పత్రాలు రాశానో. ఒక్కదానికీ జవాబు చెప్పాల్సిన చోట నేను లేను. ఇది వీరబ్రహ్మంగారు చెప్పింది. చెప్పిన వరుసలోనే, ఆయన మాటల్లోనే దించుకున్నాను. ఒక చోట 'అమాయకుడు' అన్న మాట చేర్చబోయాను. చదివించుకుని కొట్టేయించారు.

1. నా పేరు పూర్తిగా రాయాలి. ఏ లాకో, ఏ సంవత్సరమో రాయాలి.

2. చనిపోయినావిడ పేరు రూతమ్మ అని రాయాలి. వృద్ధురాలు అని ఊరుకోకూడదు.

3. తాగాడు అన్నది అబద్ధం అని రాయాలి. పొరపాటు అనకూడదు.

4. తలుపు తెరవలేదని, అలా తెరుచుకోదని, ఎందుకు తెరుచుకోదో అందరికీ అర్థమయ్యేలా రాయాలి. బొమ్మ వెయ్యాలి.

5. నన్ను అడగకుండా, లాకు చూడకుండా రాశానని రాయాలి. వాన పడుతోందని రాయక్కర్లేదు.

6. కడ్డీ సంగతి రాయాలి. ఎవర్నీ తిట్టకూడదు. తిడితే తిట్టే గుర్తుంటుంది.

7. నన్ను పేదవాడు అనకూడదు. శ్రామికుడు అనకూడదు. లస్కరు అంటే చాలు.

8. పాత ఆట తయారుచేసినవాళ్ళెవరో గాని, నీళ్ళు చూసి చేశారని రాయాలి.

9. అప్పుడు ఏ పేజీలో వేశారో ఆ పేజీలోనే, అంత అక్షరాల్లోనే వెయ్యాలి.

10. అచ్చయ్యాక మా ఇంటికి తెచ్చి మా ఆవిడకి మీరే చదివి వినిపించాలి. నేను ఇంట్లో ఉండను. ఆవిడ ఏం అడిగినా జవాబు చెప్పాకే లేవాలి.